బెల్టు మా ఇంట్లో, బ్లేడు వాళ్ళింట్లో

మా బావ ఆరున్నర అడుగుల మనిషని, పోయిన రోజు జనాజా మోయడానికి ఎనిమిదిమంది చాలలేదని, ఖబరస్తాన్ దాకా గురజాల రోడ్డు మీద లారీలన్నీ బారుగా ఆగిపోయాయని రాద్దామని కూర్చున్నాను. రాస్తే నమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. కానీ అతను పక్కనుంటే నా మోకాలి మీద చిన్నగా తట్టి, "తగ్గించు బావా" అనేవాడు. తగ్గిస్తున్నాను. ఐదడుగుల మీద నాలుగంగుళాలు. నలుగురూ భుజాలు మార్చుకుంటూ సుఖంగానే మోశారు. లారీలు ఆగలేదు, ఒకడైతే హారన్ కూడా కొట్టాడు.

బావ అన్నానని చుట్టరికాలు వెతక్కండి. అతను సాయిబు, నేను కాదు. మా పల్నాట్లో పిలుపుకి మతం అడగరు. అతను నన్నూ బావా అనే పిలిచేవాడు. ఆ లెక్కన వాళ్ళావిడ నాకు చెల్లెలు. ఈ చెల్లెలి సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనుంది.

ఖబరస్తాన్‌లో నేనూ మూడు పిడికిళ్ళ మట్టి వేశాను. బయటికొచ్చి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే, బైపాస్ రోడ్డులో పాలిష్ ఫ్యాక్టరీ ఉన్న షావుకారు వచ్చి భుజం మీద చెయ్యేశాడు. మంచివాడు పోయాడన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇక మిషను నీదేగా. బ్లేడు ఒక్కటి బిగించుకుంటే చాలు. ఆవిడకి నెలనెలా ఎంతో కొంత పడెయ్యి. పుణ్యం కూడా వచ్చుద్ది" అన్నాడు.

నా గోళ్ళలో మట్టి ఇంకా తడిగానే ఉంది. నోరు పెద్దదని ఊరంతా పేరున్న నేను కుళాయి కట్టేసి ఇంటికొచ్చేశాను. అప్పుడు చెప్పలేకపోయిన జవాబే ఇప్పుడిలా రాస్తున్నాను. ఆలస్యమైంది గాని, చిన్నదేమీ కాదు.

మాది నాపరాళ్ళు కోసే మిషను. గనిలోంచి వచ్చిన బండకి అంచులు తీసి, కొలత ప్రకారం పలకలు చేసి ఇస్తాం. అది తిరుగుతుంటే సాగర్ డ్యామ్ దాకా వినపడేదని నేను చెప్పేవాణ్ణి. నిజానికి రోడ్డవతల టీకొట్టు దాటేది కాదు. రాయి కోసేది అతను, కోతలు కోసేది నేను. పలకల కోసం వచ్చిన మేస్త్రీలకి కుర్చీ వేసి, మా రాయి పరిచిన ఇంట్లో ఎండాకాలం ఫ్యానక్కర్లేదని నేను చెబుతుంటే, అతను తడి తువ్వాలు ముక్కుకి కట్టుకుని లోపల నవ్వేవాడు. తువ్వాలు కదలికని బట్టి నాకు తెలిసేది.

రాయిని వేలి కణుపుతో కొట్టి, తల వంచి వినేవాడు. అద్దె కోసం వచ్చినవాడు తలుపు తట్టినట్టుండేది. లోపల బీట ఉంటే "ఇందులో ఎవరో ఉన్నారు బావా" అని పక్కన పెట్టేవాడు. మనుషుల్నీ అలాగే తట్టి చూసేవాడు. ఎలాగంటే, రోజూ పదకొండింటికి టీతో పాటు బన్ను ఒకటే తెప్పించేవాడు. దాన్ని ఇనప స్కేలుతో కోసి ప్లేటు నా వైపు తిప్పేవాడు. "కోసినోడు ఏరుకోకూడదు" అనేది అతని రూలు. కోసినవాడు ఏరుకోకూడదంటే కోత సమంగా వస్తుందని కదా లోకం లెక్క. అతను కావాలనే ఒక ముక్క కాస్త పెద్దగా కోసేవాడు. కోసి, నా చెయ్యి ఎటు పోతుందో చూసేవాడు.

నేను చిన్న ముక్కే తీసుకునేవాణ్ణి. లేదు, పెద్దదే. రోజూ పెద్దదే. ఒకరోజు సిగ్గేసి, ఎందుకిట్టా పరీక్షలు పెడతావని అడిగాను. "పరీక్ష కాదు బావా, కొలత. నీకెంత ఆశుందో నాకు తెలిసిపోయింది. కొలత తెలిసిన ఆశతో భయం లేదు. చిన్న ముక్క తీసుకునేవాడితో నేను పొత్తు చెయ్యను" అన్నాడు.

అతనికి ఈ చదువు ఆ షావుకారు దగ్గరే అబ్బింది. ఫ్యాక్టరీ పెట్టిన కొత్తల్లో బావ అక్కడ పనోడు కాదు, వాటాదారు. అంటే షావుకారు నలుగురిలో అలా చెప్పేవాడు. మిషన్లు షావుకారువి, స్థలం షావుకారుది, కరెంటు మీటరు షావుకారు పేరు మీద. బావకి ఉన్నదల్లా చేతిలో పని, షావుకారు నోటిలో మాట. వ్యాపారం కుంటుతున్నంతకాలం వాటా అన్నాడు. నాలుగు లారీలు వరసగా లోడై పోవడం మొదలయ్యాక, వాటా ఏందిరా, జీతం తీసుకో అన్నాడు. బావ గొడవ పడలేదు. తువ్వాలు దులుపుకుని వచ్చేశాడు. ఎవరన్నా షావుకార్ని తిడితే ఒప్పుకునేవాడు కాదు. "ఆయన చెడ్డోడేం కాదు. పట్టంతా ఒకడి చేతిలో పెడితే ఫకీరు కూడా షావుకారైపోతాడు. పట్టు లేని వాటా పండగ మామూలు లాంటిది. ఇచ్చినన్నాళ్ళే" అనేవాడు.

అందుకే నాతో కలిసేటప్పుడు సగాన్ని కాగితం మీద కాకుండా ఇనుములో కోరుకున్నాడు. షెడ్డు, మోటారు, మోటారుని తిప్పుడు ఇరుసుకి కలిపే బెల్టు నావి. బల్ల, ఇరుసు, దానికి బిగించే బ్లేడు అతనివి. నేను ఊరుకోక గురజాల కోర్టు దగ్గర ఒక లాయరు చేత స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించాను. ఆయన చదువుతుంటే బావ శ్రద్ధగా విని, ఇది ఎప్పుడు పనికొచ్చుద్ది సార్ అని అడిగాడు. తగువొచ్చినప్పుడన్నాడాయన. తగువు రాకముందు పనికొచ్చేదేమన్నా ఉందా అన్నాడు బావ. లాయరు నవ్వి, మీ చుట్టం గట్టోడే అని నాతో అన్నాడు. సంతకాలు పెట్టాం. ఆ కాగితం ఎక్కడ పెట్టామో తర్వాత ఇద్దరికీ గుర్తులేదు.

ఆ సాయంత్రం పనాపాక బావ పానా తీసి నట్టు వదులు చేశాడు. బ్లేడు ఊడదీసి, నీళ్ళతో కడిగి, గోనెపట్టాలో చుట్టి చంకన పెట్టుకున్నాడు.

"ఏంది బావా, నన్ను నమ్మవా?" అన్నాను.

"నమ్ముతున్నాను కాబట్టే నీ ఎదురుగా తీస్తున్నాను. నువ్వూ నీ బెల్టు తీసుకుపో."

తీశాను. జంధ్యంలా అడ్డంగా వేసుకున్నాను. అప్పటినుంచి పదేళ్ళకి పైగా ప్రతి సాయంత్రం మా ఊరు ఈ ఊరేగింపు చూసింది. ఒక సాయిబు చంకలో చక్రంతో, వాడి వెనక ఒక ముసలాడు నల్లటి రబ్బరు జంధ్యంతో. టీకొట్టు దగ్గర కూర్చునేవాళ్ళు, పొత్తుల మగడు పుచ్చి చచ్చాడంట, వీళ్ళదెన్నాళ్ళో చూద్దామనేవాళ్ళు. ఇద్దరూ దొంగలేరా, అందుకే ఒకళ్ళనొకళ్ళు నమ్మరనేవాళ్ళు. పొద్దున్నే ఇద్దరం రావాలి. ఒకడు రాకపోతే రెండోవాడు కేవలం ఒక షెడ్డు కాపలావాడు. నాకు జ్వరమొస్తే అతనే వచ్చి నాకు మందు తాగించేవాడు. ప్రేమ కాదు. ప్రేమే అనుకోండి, కానీ బెల్టు కూడా నా దగ్గరే ఉంది మరి.

ఆ ఒక్క ఆదివారం సంగతి చెప్పకపోతే ఈ మనిషి మీకు తెలియడు.

రొంపిచెర్లలో ఒక కల్యాణ మండపానికి పలకలు ఒప్పుకున్నాం. తెల్లారితే లారీ వస్తుంది. ఆ పని ముందు షావుకారు అడిగాడు, మండపం వాళ్ళు మాకిచ్చారు. సమయానికి అందించకపోతే మా పేరు పోయి, పని అతనికి పోతుంది. మధ్యాహ్నం పెద్ద బండ మీద బ్లేడు సగం దిగిందో లేదో, నా బెల్టు పటుక్కున తెగి గోడకి కొట్టుకుంది. ఆదివారం. నరసరావుపేటలో కొట్లు మూసుంటాయి.

బావ ముసుగు తీసి, మొహం కడుక్కుని, చాలాసేపు తుడుచుకున్నాడు. అంతసేపు తుడుచుకోవాల్సినంత మొహం కాదు అతనిది. చివరికి నా వైపు చూడకుండా, "మా అటక మీద ఒక బెల్టుంది" అన్నాడు.

నా మోటారుకి సరిపోయే బెల్టు. బ్లేడు ఎటూ అతనిదే. ఆ రెండూ ఒకడి దగ్గరుంటే నేనెందుకు? నేను అడగకుండానే చెప్పాడు. చాన్నాళ్ళ కింద షావుకారు పిలిచి ఇచ్చాడట. మీ బావ నీకు టోపీ పెట్టబోతున్నాడు, ముందు నువ్వే జాగ్రత్తపడు, ఇంకో షెడ్డు, మోటారు నేను చూపిస్తా అన్నాడట. బావ వద్దనలేదు. తీసుకుని అటకెక్కించాడు.

ఇక్కడ నేను కోపంతో పానా విసిరేశానని రాయాలి, కథకి బాగుంటుంది. కానీ నాకు నవ్వొచ్చింది. రాయి మీద కూలబడి, దగ్గొచ్చేదాకా నవ్వాను. "బావా, మా మంచం కింద బ్లేడుంది" అన్నాను.

అదీ షావుకారు ఇచ్చిందే. అవే మాటలు, పేరొక్కటే మార్పు. మా ఇద్దరిలో ముందు ఎవడు బిగిస్తాడా అని ఆయన అన్నాళ్ళుగా బైపాస్ రోడ్డులో కూర్చుని చూస్తున్నాడన్నమాట. పందెం కోళ్ళు రెంటికీ ఆయనే కత్తులు కట్టాడు. కోళ్ళేమో రోజూ కలిసి బన్ను తింటున్నాయి.

బావ నవ్వలేదు. ఎందుకు బిగించలేదు అని అడిగాడు. నేను ధర్మం, స్నేహం, పల్నాటి పౌరుషం అని మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపాడు. అప్పుడు నిజం చెప్పాను. బిగిద్దామని రెండుసార్లు అనుకున్నాను. ప్రతిసారీ తెల్లారేసరికి నువ్వు చంకలో గోనెపట్టాతో వచ్చేస్తున్నావు. నువ్వెదురుగా వచ్చి నిలబడితే నాకు చేతకాలేదు. "నాకూ అంతే" అన్నాడతను.

ఆ సాయంత్రం షావుకారు బెల్టు వేసి షావుకారు చేజారిన బేరానికే పలకలు కోశాం. "ఎంతయినా పెద్దోళ్ళ బెల్టు బావా, చానా బలంగా లాగుద్ది" అని బావ మురిసిపోయాడు. అది నా చేతికే ఇచ్చేశాడు, అరిగి తెగేదాకా దాన్నే వాడాం.

బ్లేడు కూడా తెచ్చేస్తాను, అదీ వాడేద్దామన్నాను. వద్దన్నాడు.

"నీ మంచం కిందే ఉండనీ. దగ్గరుండి కూడా నువ్వు బిగించలేదని నాకు రోజూ తెలియాలిగా."

అంటే ఆనాటి నుంచి షెడ్డూ, మోటారూ, బెల్టూ, బ్లేడూ అన్నీ నా గుప్పిట్లోనే ఉన్నాయి. అతని చేతిలో అతని బ్లేడు తప్ప మరేం లేదు. అయినా సాయంత్రం కాగానే నట్టు వదులు చేసి, కడిగి, చుట్టుకుని పోయేవాడు. ఇంకా ఎందుకయ్యా మోత అంటే, "నీకు గుర్తుండాలని" అనేవాడు. ఊళ్ళోవాళ్ళకి నమ్మకమంటే తాళం తీసేసి పడుకోవడం. అతనికి నమ్మకమంటే ఎదుటివాడికి తప్పు చేసే వీలున్నా, తన సగాన్ని తాను వదలకుండా పట్టుకోవడం. నాకిది అర్థం కావడానికి అతను పోవాల్సి వచ్చింది.

రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరిందని నరసరావుపేట డాక్టరు చెప్పాడు. తడి తువ్వాలు ఎంతని ఆపుతుంది? ఆస్పత్రిలో కూడా మంచం పక్క గోడని వేలి కణుపుతో కొట్టి, లోపల డొల్ల అన్నాడు. ఆ వారమే పోయాడు.

మూడోరోజు ఫాతెహా చదవడం అయ్యాక వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాను. మా చెల్లెలు పరదా అవతల ఉంది. భర్త పోయినావిడ నాలుగు నెలల పది రోజులు ఇంట్లోనే ఉండాలి, ఇద్దత్ అంటారు. ఏం చేద్దామమ్మా అన్నాను. ఊరంతా నాకు చెప్పిన సలహా కూడా చెప్పాను. నేను నడుపుతాను, సగం తెచ్చి నీ చేతిలో పెడతాను అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నిజంగానే అన్నాను.

పరదా అంచు సరిచేసింది. తర్వాత, "ఎన్నాళ్ళు పెడతావు అన్నా?" అంది.

ఎవరన్నా ఈ ప్రశ్న అడిగితే నాకు రోషం రావాలి. రాలేదు. నా కొలత నాకు తెలుసు. మొదటి నెల సగం తెచ్చిస్తాను. రెండో నెల కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందంటాను. మూడో నెల కష్టమంతా నాదేగా అనిపిస్తుంది. పండక్కి చీరె పెట్టి, టీకొట్టు దగ్గర నిలబడి, ఆ ఇంటిని నేనే సాకుతున్నానని కోతలు కోస్తాను. ఆమె సగం నా దయ అయిపోతుంది. నేను షావుకారునవుతాను. దానికి చెడ్డవాణ్ణి కానక్కర్లేదు, పట్టంతా నా చేతిలో ఉంటే చాలు.

"బ్లేడు ఇంట్లోనే ఉంది. నేనొచ్చేదాకా ఆగుతావా?" అంది. ఈలోపు నీకెలా గడుస్తుందంటే, తను, కూతురు కలిసి జాకెట్లు కుడుతున్నామని, తనకి గడుస్తుందని, అసలు అడగాల్సింది నాకెలా గడుస్తుందని అంది. ఆగుతానన్నాను.

ఆగాను. ఏదో తపస్సు చేసినట్టు ఆగానని చెప్పుకోవాలనుంది గాని, రోజూ సణుక్కుంటూ ఆగాను. మేస్త్రీలొస్తే మోటారు రివైండింగుకి పోయిందని ఒకడికి, మిషనుకి దిష్టి తగిలిందని ఒకడికి చెప్పాను. వినుకొండ నుంచి వచ్చిన మంచి బేరం బైపాస్ రోడ్డుకి పోయింది. షావుకారు రెండుసార్లు కారాపి, ఏందయ్యా నీ మూర్ఖత్వం అన్నాడు. ఊళ్ళో నన్ను పిచ్చోడన్నారు. అంతకు ముందు దొంగన్నారు కాబట్టి ఇది పదోన్నతే. మా ఇంటావిడ మాత్రం, "మంచం కింద బ్లేడు పెట్టుకుని పస్తుండే మొనగాణ్ణి నిన్నే చూశా" అంది. అది తిట్టో మెప్పో ఇంకా తేలలేదు.

ఒకరోజు ఆ మంచం కింది బ్లేడు తీసి సంచిలో వేసుకుని షెడ్డుకెళ్ళాను. బెల్టు తగిలించాను. బ్లేడు ఇరుసుకి పెట్టాను. చక్కగా కూర్చుంది. నట్టు చేత్తో తిప్పాను. ఇక పానాతో ఒక్క పట్టు పట్టాలి. పదకొండయింది, టీ వచ్చింది. అలవాటుగా బన్ను కూడా వచ్చింది. అలవాటుగానే స్కేలు తీసి కోశాను. కోశాక ప్లేటు ఎటు తిప్పాలో తెలియలేదు. కోసింది నేను. కోసినోడు ఏరుకోకూడదు.

నట్టు వదులు చేశాను. రెండు ముక్కలూ షెడ్డు ముందున్న కుక్కకి వేశాను. అంటే ఒకటే వేశాను. చిన్నది.

ఆమె వచ్చిన రోజు బజారంతా లేచి నిలబడిందని, బురఖా గాలికి ఎగురుతుంటే రెండు చేతులా బ్లేడు పైకెత్తి నడిచొచ్చిందని నేను ఇప్పటికే నలుగురికి చెప్పాను. వాళ్ళు ఇంకో నలుగురికి చెప్పేశారు కూడా. జరిగింది వేరు. షేరు ఆటోలో వచ్చింది. గోనెపట్టా ఒళ్ళో ఉంది. ఆటోవాడితో చిల్లర దగ్గర గట్టిగా తగువేసుకుని దిగింది. బజారు తన పని తాను చూసుకుంటోంది. షెడ్డులోకొచ్చి, అటూ ఇటూ చూసి, "బెల్టు తెచ్చావా అన్నా?" అంది. బావ పొద్దున్నే అనే మొదటి మాట అదే.

ఇద్దరం కూలి మనిషి ఒకణ్ణి పెట్టుకుని రెండు బండలు కోయించాం. మొదటి బండ వంకరొచ్చింది. రెండోది కొంచెం నయం. ఆమె కణుపుతో రాయిని కొట్టి వింది. ఏం వినపడిందమ్మా అంటే, రాయి శబ్దమే అంది.

సాయంత్రం పానా తీసి ఆమే నట్టు వదులు చేసింది. అప్పుడు నేను సంచిలోంచి రెండో బ్లేడు తీసి బల్ల మీద పెట్టాను. ఇది షావుకారు ఇచ్చిందని, బావ దీన్ని నా దగ్గరే ఉండనిచ్చాడని, ఎందుకో కూడా చెప్పాను.  ఇది కోత కాదు. ఆమె కూడా అదే మాట అంటుందని, అది నీ దగ్గరే ఉండనీ అన్నా అంటుందని ఎదురుచూశాను. ఎంత బాగుండేది.

ఆమె ఆ బ్లేడుని కూడా కడిగింది. బావ బ్లేడు మీద పెట్టి గోనెపట్టాలో కలిపి చుట్టింది.

"ఆయన నిన్ను నమ్మాడు అన్నా. నేను నిన్ను ఎరుగుదును" అంది. "నీ బెల్టు తీసుకో. షెడ్డుకి తాళమెయ్యి."

వేశాను. ఆమె ముందు, చంకలో రెండు చక్రాలు. నేను వెనక, అడ్డంగా బెల్టు. టీకొట్టు దగ్గర షావుకారు కారాపి అద్దం దించాడు. నేను ఈసారి బెల్టు సరిచేసుకుని, ఆయనకి వినపడేలా చెల్లెల్ని అడిగాను, "రేపు ఎన్నింటికమ్మా?" అని.

"నువ్వెప్పుడొస్తే అప్పుడే" అంది ఆగకుండా. "నేనొచ్చేగా నువ్వు తిప్పేది."

బావ ఆరున్నర అడుగులని మొదట్లో కోశాను. ఆ కొలత వృథా పోలేదు, మా చెల్లెలికి సరిపోయింది.